ఆరుబయట శిల్పం, ఋతువు చేసే పని

మా శాఖలో ఎం.ఎ. రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని, హోసూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, సెమినారులో ఒక పత్రం చదివింది. ఋతువులను ఆధారం చేసుకొన్న ఆరుబయట శిల్పాలు, మెలికలు తిరిగే బాటల తోటలు ఆమె ఎంచుకొన్న విషయం. వేల్స్ దేశంలో డేవిడ్ నాష్ అనే శిల్పి చెట్లనే వలయంగా పెంచి చేసిన శిల్పాన్ని వర్ణిస్తూ, 'శరదృతువులో ఆకులన్నీ రాలి ఈ వృక్షాలు మోడులై నిలుస్తాయి' అని రాసింది. వింటున్నవారిలో ఒకరు లేచి, శరత్తులో ఆకులు రాలడమేమిటమ్మా, శరత్తంటే వెన్నెల కదా అన్నారు. ఆ అమ్మాయి తెల్లబోయి, నిఘంటువు చూసే రాశానండి అంది.

నిఘంటువును తప్పుపట్టడం న్యాయం కాదు. ఇంగ్లీషు 'ఆటం'కు సరిపోయే నెలలను వెతికితే శరత్తే దొరుకుతుంది. కాని నెలలు కుదిరినంత మాత్రాన ఋతువు కుదరదు. మన పుస్తకాలలో శరత్తు అంటే ఆశ్వయుజ కార్తికాలు, తేటపడిన ఏటినీరు, రెల్లుపూలు, వెన్నెల. ఆకు రాలడం మనకు శిశిరంలో, మాఘ ఫాల్గుణాలలో. అదీ ఎంతసేపు? రావిచెట్టు ఆకు రాల్చిన కొద్ది వారాలకే రాగిరంగు చిగురు తొడుగుతుంది. వేల్స్‌లో అక్టోబరులో రాలిన ఆకు మళ్లీ ఏప్రిల్, మే నెలలకు గాని కనబడదు. మనకు మోడు ఒక మలుపు. వాళ్లకు అది సగం సంవత్సరం.

ఆ మాటకొస్తే మధురలోనో తిరునెల్వేలిలోనో చదువుకొనే తెలుగు విద్యార్థికి శరచ్చంద్రిక కూడా పుస్తకంలోని మాటే. ఆ రెండు నెలలూ అక్కడ ఈశాన్య ఋతుపవనాల వాన. యానాంలో అవి తుపాను భయంతో గడిపే రోజులు. పరీక్షలో ఆరు ఋతువుల పేర్లు వరసగా రాసి, ఇంటికి వెళ్లి ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని మూడింటితో సరిపెట్టుకోవడం మనందరికీ అలవాటే. సేద్యం చేసే ఇళ్లలో ఈ మూడూ చాలవు, అక్కడ మృగశిర, ఆరుద్ర అని కార్తెల లెక్క. ఈ పట్టింపు భాషాశాస్త్రం చదివినవాడి చాదస్తమనిపిస్తే అనిపించనివ్వండి. ఋతువు మీద ఆధారపడిన శిల్పాన్ని విమర్శించాలంటే, ఆ చోట ఆ ఋతువు ఏ నెలలో ఏం చేస్తుందో ముందు తెలియాలి.

ఆ పత్రంలో నాకు అసలు అభ్యంతరమైన వాక్యం మరొకటి ఉంది. ఒక్కొక్క శిల్పాన్ని వర్ణించి, చివర 'ఇందులో కళాకారుడు ప్రకృతితో మమేకమైనాడు' అని ముగించడం. ఈ వాక్యం మన కళావిమర్శలో బాగా అరిగిపోయింది. పాలరాతి గోడకూ, మంచు ముద్దకూ, గడ్డిలో తీసిన గాడికీ ఒకే వాక్యం సరిపోతే ఆ వాక్యం ఏమీ చెప్పనట్లే. దానికి బదులు వ్యాకరణంలోంచి ఒక ప్రశ్న తీసుకోవచ్చునని నా సూచన. ఈ శిల్పంలో ఋతువు ఏ కారకం? పని జరిగే కాలంగా ఊరికే ఉన్నదా, అంటే అధికరణమా? లేక తానే పని చేస్తున్నదా, అంటే కర్తా? ఆరుబయట నిలబెట్టిన ప్రతి విగ్రహం మీదా వాన పడుతుంది, ఎండ కాస్తుంది. అంతమాత్రాన అది ఋతుశిల్పం కాదు.

కర్త అనడానికి నాకు తెలిసినంతలో గట్టి ఉదాహరణ నాష్ పెంచిన ఆ వలయమే. దాని పేరు యాష్ డోమ్. (దీన్ని 'బూడిద గోపురం' అని అనువదించినవారు కూడా మా తరగతిలో ఉన్నారు. యాష్ ఇక్కడ చెట్టు పేరు. మన నేలలో లేని చెట్టుకు తెలుగు పేరు వెతకడం కంటే యాష్ చెట్టు అనడమే మేలు.) 1977లో నాష్ వేల్స్ ఉత్తరభాగంలో తనకున్న కొద్దిపాటి అడవి నేలలో 22 యాష్ మొక్కలు గుండ్రంగా నాటాడు. వలయం వ్యాసం దాదాపు 30 అడుగులు. మొదట నాటినవాటిని గొర్రెలు తినేశాయి. కంచె కట్టి మళ్లీ నాటాడు. మొక్కలు ఎదిగేకొద్దీ కాండానికి ఏటవాలుగా గాటుపెట్టి వంచుతూ, కట్టుతూ, కొమ్మలు కత్తిరిస్తూ వచ్చాడు. పొలాల చుట్టూ బతికిన చెట్లనే వంచి కంచెగా అల్లే పద్ధతి ఆ దేశపు రైతులకు పాతది. నాష్ చేతిలో అది శిల్పవిద్య అయింది. చెట్లన్నీ ఒకే దిశకు ఒరిగి, మళ్లీ పైకి లేచి, మధ్యన బోలుగా ఒక గుమ్మటం ఏర్పడింది. లోపల నిలబడితే చుట్టూ 22 కాళ్లు ఒకేసారి అడుగు తీసి ఆగినట్లుంటుందని ఛాయాచిత్రాలు చూసినప్పుడు నాకనిపించింది.

ఈ పని ముగియడానికి పాతికేళ్లకు పైగా పడుతుందని నాటేనాడే అతనికి తెలుసు. ఇరవయ్యొకటవ శతాబ్దానికని నాటాడు. అణుయుద్ధ భయంతో, ఆర్థికమాంద్యంతో ఆ శతాబ్దం వస్తుందా అని జనం సందేహించిన రోజులవి. కాబట్టి ఇక్కడ ఋతువు అంటే ఒక్క సంవత్సరపు చక్రం కాదు. ఏటేటా చెట్టులో ఒక పొర పెరుగుతుంది, వంపు కాస్త బలిసి గట్టిపడుతుంది. శిల్పి పెట్టిన గాటును మాన్పేది కాలం, మాన్పే తీరులో ఆకారాన్ని మార్చేదీ కాలమే. ఉలి శిల్పి చేతిలో ఉన్నది సంవత్సరానికి ఏ కొద్ది రోజులో. మిగతా పని చెట్టుదీ ఋతువుదీ.

మరో విశేషం. ఆకు రాలే కాలం అనగానే పాశ్చాత్య దేశాల కేలెండర్లలో చూసిన ఎరుపు, బంగారు రంగులు మనకు గుర్తుకొస్తాయి. యాష్ చెట్టుకు ఆ వైభవం అంతగా లేదు. అన్ని చెట్ల కంటే ఆలస్యంగా చిగురించి, ముందుగా ఆకు రాలుస్తుంది, చాలాసార్లు పచ్చగా ఉండగానే రాలుస్తుంది. అందుచేత యాష్ డోమ్ సంవత్సరంలో ఎక్కువ కాలం గీతల బొమ్మగా, అస్థిపంజరంగా కనిపిస్తుంది. నాష్ దాన్ని ఏళ్ల తరబడి చిత్రాలుగా గీస్తూ వచ్చాడు. ఋతువుల రంగుల మీద మోజు ఉన్న శిల్పి ఈ చెట్టును ఎంచుకోడు. వంచితే విరగకుండా మళ్లీ ఎగబాకే గుణం కోసం ఎంచుకొన్నాడు. వస్తువు ఎంపికలో ఈ నిగ్రహమే నన్ను ఆకట్టుకొంది.

మన సాహిత్యంతో దీనికొక పోలిక చెప్పుకోవచ్చు. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు విధించినప్పుడు ఋతువర్ణన వాటిలో ఒకటయింది. విధి కనుక చాలామంది కవులు పూర్తిచేశారు. కోకిల, మామిడి చిగురు, మలయమారుతం వరసగా వచ్చిపోతాయి, కథ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అది అధికరణ ఋతువు. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయల వర్షర్తువు అట్లాంటిది కాదు. అక్కడ వాన వంటింట్లోకి వస్తుంది. చెరకు తడిసి పొయ్యి రాజదు, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగాలి, పొగకు కళ్లు మండుతాయి. వాన మనుషుల చేత పనులు చేయిస్తుంది, కొన్ని పనులు చేయనివ్వదు. విజయనగరంలో కూర్చుని రాసిన ఆ కావ్యానికి కథాస్థలం తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరు. తెలుగునాటికి వెలుపల పుట్టి పెరిగిన మన విద్యార్థులకు ఈ సంగతి ఊరట కలిగిస్తుందేమో గాని, నేను దాన్ని ఇక్కడ తెచ్చింది కొలబద్దగా మాత్రమే.

ఇక మెలిక బాటల సంగతి. ఇక్కడా మాటతోనే చిక్కు మొదలవుతుంది. ఇంగ్లీషులో 'లాబిరింత్' అనీ 'మేజ్' అనీ రెండు మాటలున్నాయి. వాడుకలో కలగాపులగమైనా, ఈ విషయం మీద పనిచేసేవారు తేడా పాటిస్తారు. మొదటిదానిలో దారి ఒక్కటే. ఎన్ని మెలికలు తిరిగినా తప్పిపోవడం ఉండదు, నడిస్తే నడిబొడ్డుకు చేరతాము, అదే దారిన వెనక్కు వస్తాము. రెండోదానిలో దారులు చీలతాయి, కొన్ని మూసుకుపోతాయి, ఎంచుకోవాలి. మనవాళ్లు రెండింటినీ పద్మవ్యూహం అనేస్తారు. పద్మవ్యూహం అనగానే అభిమన్యుడు గుర్తుకు వస్తాడు, లోపలికి పోవడం తెలిసి బయటికి రావడం తెలియనివాడు. ఇది ఆ రెండు అర్థాలకూ చెందని మూడో అర్థం. కర్ణాటకలో ఉన్న మన విద్యార్థులు హళేబీడు వెళ్లినప్పుడు హొయ్సళేశ్వరాలయం గోడమీద ఈ ఘట్టాన్ని చూడవచ్చు. పన్నెండవ శతాబ్దంలో మొదలైన ఆ గుడిలో శిల్పి వ్యూహాన్ని సైనికుల వరసలుగా కాక, చుట్లు చుట్లుగా తిరిగే బాటగా చెక్కాడు. యుద్ధకథకు ఈ ఆకారం ఎట్లా వచ్చి కలిసిందన్నది వేరే చర్చ. తెలుగులో పని జరగడానికి మొదటిదాన్ని మెలిక బాట అనీ, రెండోదాన్ని చిక్కుదారి అనీ అంటే చాలునని నా ఉద్దేశం. ఈ వ్యాసంలో అట్లాగే వాడుతున్నాను.

తోటల్లో మెలిక బాట వేసినంత మాత్రాన దానికి ఋతువుతో సంబంధం ఏర్పడదు. ఇటలీలో పిస్తోయా దగ్గర చెల్లె అనే ఎస్టేటులో రాబర్ట్ మోరిస్ 1982లో కట్టిన బాట ఉంది. పల్లపు నేల మీద తెలుపు, ఆకుపచ్చ పాలరాతి పట్టెలతో, త్రిభుజాకారంగా. ఆ ప్రాంతపు పాత చర్చిల గోడలకున్న చారలే అవి. చూపుకు ఎంతో గంభీరమైన కట్టడం. చుట్టూ చెట్లు చిగిర్చినా మోడువారినా దానికి పట్టదు. ఇది లోపమని నేననను. ఋతువు పేరు చెప్పుకోని శిల్పాన్ని ఋతువు లేదని తప్పుపట్టకూడదు. మా విద్యార్థిని మాత్రం దీన్ని కూడా 'మమేకం' జాబితాలో చేర్చింది.

ఇంగ్లండులో ఎసెక్స్ జిల్లాలో సాఫ్రన్ వాల్డెన్ అనే ఊరి ఉమ్మడి బీడులో పచ్చిక మెలిక బాట ఒకటుంది. నేలలో సన్నని గాడి, దాని పక్కన గడ్డి గట్టు, ఇంతే సరంజామా. చుట్లన్నీ కలిపి నడిస్తే దాదాపు మైలు. దానిని గురించి దొరికిన తొలి లిఖిత ఆధారం 1699 నాటిది. అది కట్టించినందుకు కాదు, మళ్లీ గాడి తీసినందుకు ఇచ్చిన కూలి పద్దు. ఎవరు మొదట వేశారో తెలియదు గాని తిరగతోడినవారి కూలి మాత్రం లెక్కలో మిగిలింది. వానకు గడ్డి పెరిగి గాడి పూడుతుంది, మనిషి మళ్లీ తీస్తాడు. ఊరివారు ఒక తరం పాటు ఊరుకొంటే శిల్పం బీడులో కలిసిపోతుంది. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో గాడిలో ఇటుకలు పరిచారు. ఆకారం భద్రమయింది. ఆ మేరకు ఋతువు పని తగ్గింది, మనిషి పనీ తగ్గింది. లాభమా నష్టమా అంటే, భద్రపరచాలనుకొన్నవారిని తప్పుపట్టలేను, కాని ఇటుకలు లేని బాటనే నడవాలని నా కోరిక.

దీనికి పూర్తిగా విరుద్ధమైన మర్యాదలేని చుట్టం ఒకటుంది, కళాచరిత్ర పుస్తకాలు దాని ఊసెత్తవు. 1993లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆన్‌విల్‌లో మొక్కజొన్న చేలో దారులు తీసి ఒక చిక్కుదారి వేశారు. ఆ తర్వాత రైతులు చాలా దేశాలలో దాన్ని అందుకొన్నారు. టిక్కెట్టు పెట్టి పిల్లలను తిప్పి నాలుగు డబ్బులు చేసుకొనే వ్యాపారం. అయినా గమనించండి. చేను మనిషెత్తు పెరిగితేనే గోడలు వస్తాయి. ఆకులు ఎండి గలగలలాడే నాటికి దారి ధ్వని మారుతుంది. కోత కోస్తే శిల్పం ఉండదు. వచ్చే ఏడు వేరే నమూనా. వ్యాపారమే కావచ్చు గాని, కారకం ప్రశ్న వేస్తే పాలరాతి బాటకంటే ఈ చేను బాగా సమాధానం చెప్తుంది.

అసలైన పరీక్ష రాబర్ట్ స్మిత్సన్ చేసిన స్పైరల్ జెట్టీ. 1970 ఏప్రిల్‌లో అమెరికాలో యూటా రాష్ట్రపు ఉప్పు సరస్సు ఒడ్డు నుంచి లోపలికి నల్లరాయి, మట్టి పోసి, 1,500 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల కట్టను నత్తగుల్ల చుట్టులా తిప్పాడు. కాకినాడ, యానాం వైపు వారికి జెట్టీ అంటే పడవలు ఆగే చోటు. ఇక్కడ ఏ పడవా ఆగదు, దారి తన చుట్టూ తాను తిరిగి నీళ్ల మధ్య ఆగిపోతుంది. కొద్ది ఏళ్లకే నీటిమట్టం పెరిగి అది మునిగిపోయింది. 1973లో స్మిత్సన్ మరో శిల్పానికి స్థలం చూస్తూ విమాన ప్రమాదంలో మరణించాడు. ముప్పై ఏళ్లు దాదాపుగా నీళ్లలోనే ఉండి, 2002 నుంచి మళ్లీ బయటపడింది. నల్లరాళ్ల మీద తెల్లగా ఉప్పు పేరుకొని, వేసిన రంగుకు విరుద్ధమైన రంగులో తేలింది. కొండలలో మంచు కరిగి వచ్చే నీటితో ఏటేటా మట్టం కాస్త పెరిగి తగ్గడం ఆ సరస్సు ఋతుధర్మం. ఇప్పుడు జరుగుతున్నది అది కాదు. వచ్చే నీటిని పొలాలకూ ఊళ్లకూ మళ్లించడం, కరువు, రెండూ కలిసి సరస్సును కుదించాయి. నీరు జెట్టీకి దూరంగా వెనక్కు పోయింది. శిల్పం ఒడ్డున పడ్డ పడవలా ఉంది. దానిపై రాళ్లు పోసి ఎత్తు పెంచాలా, వద్దా అన్న వాదం నీళ్లలో మునిగి ఉన్ననాడే పుట్టింది. ఇప్పుడు సరస్సే లేకుండా పోతే ఏం చేయాలన్నది దాని కంటే పెద్ద ప్రశ్న. కర్తకు స్వాతంత్ర్యం ఇచ్చానన్న శిల్పి, ఆ కర్త స్థానంలో కాలువలు తవ్వే మనిషి వచ్చి కూర్చుంటాడని ఊహించి ఉంటాడా?

ఆండీ గోల్డ్స్‌వర్తీ గురించి చెప్పక తప్పదు, మన విద్యార్థులకు అందరికంటే ముందు తెలిసేది అతడే. ఆకులు కూర్చి, మంచుముక్కలు అతికించి చేసే అతని పనులు గంటలో రోజులో నిలుస్తాయి, తర్వాత మిగిలేది ఛాయాచిత్రం. నా అనుమానం అక్కడే. శిల్పం కరిగిపోయింది గాని, దాని అందమైన క్షణం మాత్రం మెరిసే కాగితం మీద నిలిచిపోయింది. చూసేవాడికి కరగడం కనబడదు. 2000 జూన్ 21న, అక్కడి నడివేసవిలో, అతడు స్కాట్లండులో చలికాలంలో చుట్టి శీతల గిడ్డంగిలో దాచిన 13 పెద్ద మంచు బంతులను లండను వీధుల్లో పెట్టించాడు. ఋతువును లారీ ఎక్కించి మరో ఋతువులో దించడం ఇది. మా లెక్కలో ఋతువు కర్మ అయింది. చమత్కారం అని తోసేద్దామనుకొన్నాను. కాని మంచు కరిగేకొద్దీ లోపల దాచిన బార్లీ కంకులు, కాకి ఈకలు, ఆవు వెంట్రుకలు, ముళ్లతీగ బయటపడి వీధిలో మిగిలాయి. ఆఫీసులకు పోయేవారు కరగడాన్నే కళ్లారా చూశారు. ఫొటో పుస్తకాల గోల్డ్స్‌వర్తీ కంటే ఈ వీధి గోల్డ్స్‌వర్తీ మెరుగు.

ఇంతవరకు చదివినవారికి ఇంటి ముంగిట మెలికల ముగ్గు గుర్తుకు వచ్చే ఉంటుంది. తమిళనాట దాన్ని చిక్కుకోలం అంటారు. చుక్కలను చుట్టుకొంటూ తిరిగి మొదలైన చోటికి వచ్చే గీత, ధనుర్మాసపు తెల్లవారుజామున, పొద్దెక్కేసరికి చీమలకూ పాదాలకూ అప్పగించే పిండి. పోలిక నిజమే. కాని 'ఇవన్నీ మనకు ముందే ఉన్నాయి' అన్న వాక్యం 'మమేకం' వాక్యానికి తోబుట్టువు, దానితో కూడా ఏ శిల్పాన్నీ చూడలేము. ముగ్గు చెరిగిపోయినందుకు ఎవరూ బాధపడరు, రేపు వేసే చెయ్యి ఉంది కనుక. నాష్ చెట్లకు అట్లాంటి రేపు లేదు.

యూరప్ నుంచి వ్యాపించిన ఒక బూజు తెగులు యాష్ చెట్లను కొమ్మల కొసల నుంచి ఎండబెడుతూ వస్తుంది. బ్రిటన్‌లో అది 2012లో బయటపడింది. తర్వాత కొన్నేళ్లకు యాష్ డోమ్‌కూ సోకింది. నాష్ చెట్లను నరికించలేదు, మందులతో నిలబెట్టే ప్రయత్నమూ చేయలేదు. తెగులు పని తెగులును చేసుకోనిచ్చి, వలయం చుట్టూ ఓక్ మొక్కలు మరో వలయంగా నాటాడు. అవి ఎదిగేనాటికి తాను ఉండడని నాటినవాడికి తెలుసు.

ఆ అమ్మాయి తన పత్రాన్ని తిరగరాసి నెల తర్వాత మళ్లీ చదివింది. 'శరదృతువులో' అన్నచోట 'అక్టోబరులో' అని పెట్టింది. మమేకం మాట ఎక్కడా లేదు. ఓక్ వలయం పాత శిల్పంలో భాగమా, కొత్త శిల్పమా అన్న ప్రశ్నతో పత్రం ముగించింది. అప్పుడు శరత్తు గురించి అడిగినవారే మళ్లీ లేచి, అట్లాగైతే గొర్రెలు తినేసిన మొదటి మొక్కల మాటేమిటమ్మా, వాటిని ఏ లెక్కలో వేస్తావు అని అడిగారు. గంట కొట్టినా ఆ చర్చ తెగలేదు.